పుస్తకాలు కుట్టిన చేతులు: మైకేల్ ఫారడే

పిల్లలూ, తరగతి గదిలో మీ తల మీద తిరిగే ఫ్యానును ఎప్పుడైనా మరమ్మతుకు దించితే దగ్గరికెళ్ళి చూడండి. కడ్డీ పక్కన, గిన్నెలాంటి మూత చాటున, చిన్న తెల్లని డబ్బీ ఒకటి ఉంటుంది. బజారులో దాన్ని కండెన్సర్ అంటారు. మీ పాఠ్యపుస్తకం కెపాసిటర్ అంటుంది. దాని మీద 2.5 అనో 3.15 అనో ఒక అంకె, పక్కన మైక్రోఫారడ్ అనే కొలత ముద్రించి ఉంటాయి. చూడమన్నాం కానీ ముట్టుకోమనలేదు. స్విచ్ ఆపాక కూడా అది కాసేపు కరెంటును లోపల దాచుకోగలదు.

మేము తెలుగు ఉపాధ్యాయులం. సైన్సు మా సబ్జెక్టు కాదు. కానీ మాది బదిలీల ఉద్యోగం. మూడు నాలుగేళ్ళకోసారి మిక్సీని దుప్పట్లో చుట్టి, స్టెబిలైజరును అట్టపెట్టెలో సర్ది, కొత్త ఊళ్ళో కొత్త క్వార్టరు తలుపు తీస్తాం. ఎడారి అంచున ఒక ఊళ్ళో మా ఇంటి ఫ్యాను స్విచ్ వేస్తే మూలిగేది తప్ప కదిలేది కాదు. కర్రతో రెక్కను ఓసారి తోస్తే తిరిగేది. మెకానిక్ వచ్చి ఆ డబ్బీ మార్చాడు, గాలి వచ్చింది. ఇంత చిన్నదానికి అంత పనేమిటని తెలుసుకోబోతే ఒక మనిషి కథ దొరికింది. ఫారడ్ అనే మాట ఆయన పేరులోంచే వచ్చింది.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న, లండన్‌కు దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఉత్తర ఇంగ్లండు పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు, పైగా రోగిష్టి. నలుగురు పిల్లల్లో మైకేల్ మూడోవాడు. 1801లో తిండి ధరలు మండిపోయినప్పుడు ఆ పిల్లవాడికి వారానికి ఒక్క రొట్టె ఇచ్చి, దాంతోనే సరిపెట్టుకోమనేవారట. చదువు అంటే చదవడం, రాయడం, కాస్త లెక్కలు. అంతే. పదమూడో ఏట జార్జి రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మొదట వార్తాపత్రికలు ఇంటింటికీ ఇచ్చి, చదివాక తిరిగి తెచ్చే పని. మరుసటి ఏడాది నుంచి ఏడేళ్ళు బైండింగు పని నేర్చుకోవాలని ఒప్పందం జరిగింది. రీబో మంచివాడు, ఆ ఒప్పందానికి రుసుము అడగలేదు.

కాగితాలు మడవడం, దారంతో కుట్టడం, జిగురు పూయడం, గుడ్డ అంటించి అట్ట వేయడం... ఈ పనులు గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరమవుతాయి. బైండింగుకు వచ్చిన పుస్తకాలను అతడు కుట్టి ఊరుకోలేదు, చదివేవాడు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం అలాగే చేతికి వచ్చింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ రసాయన శాస్త్రాన్ని సంభాషణల రూపంలో రాసిన పుస్తకం కూడా అలాగే దొరికింది. చదివినది నిజమో కాదో చేసి చూడాలి కదా! చేతిలో ఉన్న కొద్దిపాటి పెన్నీలతో గాజు సీసా కొని, విద్యుత్తు పుట్టించే చిన్న రాపిడి యంత్రం తయారు చేసుకున్నాడు. 1810లో తండ్రి పోయాడు. ఆ రోజుల్లో టాటమ్ అనే ఆయన తన ఇంట్లో సైన్సు ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఒక్కో ఉపన్యాసానికి ఒక షిల్లింగు. ఆ డబ్బు అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. కొలిమి దగ్గర పనిచేసి సంపాదించిన అన్న డబ్బుతో తమ్ముడు విద్యుత్తు గురించి విన్నాడు.

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చే చివరి నాలుగు ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇప్పించాడు. డేవీ అప్పట్లో లండన్‌లో పెద్ద పేరున్న శాస్త్రవేత్త. ఫారడే పై వరుసలో కూర్చుని నోట్సు రాసుకుని, ఇంటికి వచ్చి వాటిని సాఫు చేసి, బొమ్మలు గీసి, తానే బైండు చేశాడు. దాన్ని డేవీకి పంపించి పని అడిగాడు. అంతకు ముందు రాయల్ సొసైటీ అధ్యక్షుడికి కూడా ఉత్తరం రాశాడు కానీ అక్కడి నుంచి జవాబు రాలేదు. డేవీ పిలిపించి మాట్లాడాడు, ఖాళీ లేదన్నాడు. కొన్ని వారాలకు అక్కడి ప్రయోగశాల సహాయకుడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అలా 1813 మార్చిలో ఫారడేకు చోటు దొరికింది. జీతం వారానికి 25 షిల్లింగులు, పై అంతస్తులో రెండు గదులు, కొవ్వొత్తులు, పొయ్యిలోకి బొగ్గు.

ఆ శరదృతువులోనే డేవీ దంపతులతో యూరప్ యాత్ర. డేవీ నౌకరు చివరి నిమిషంలో రానన్నాడు. దాంతో సైన్సు సహాయకుడిగా బయలుదేరిన ఫారడే బూట్లు, పెట్టెలు కూడా చూసుకోవలసి వచ్చింది. డేవీ భార్య అతణ్ణి పనివాళ్ళతోనే భోజనం చేయమనేది. అదే యాత్రలో పారిస్‌లో ఆంపియర్‌ను, మిలాన్‌లో వృద్ధుడైన వోల్టాను చూశాడు. మీరు రోజూ చెప్పే ఆంపియర్, వోల్టు ఆ ఇద్దరి పేర్లే.

ఇక అసలు విషయానికి వద్దాం. 1820లో డెన్మార్క్‌లో అయిర్‌స్టెడ్ ఒక సంగతి కనిపెట్టాడు. తీగలో కరెంటు పారుతుంటే పక్కనున్న దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుంది. యూరప్ అంతా దాని మీద పడింది. 1821 సెప్టెంబరు మొదటి వారంలో ఫారడే ఒక పాత్రలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతాన్ని నిలబెట్టి, పైనుంచి ఒక తీగను పాదరసంలో మునిగేలా వేలాడదీసి బ్యాటరీ కలిపాడు. తీగ అయస్కాంతం చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తీసేదాకా తిరుగుతూనే ఉంది. కొత్తగా పెళ్ళయి మూడు నెలలు కాలేదు. చిన్న బావమరిది పక్కనే ఉన్నాడు. ఇద్దరూ బల్ల చుట్టూ గంతులు వేశారని చెబుతారు.

మీ ఇంట్లో మిక్సీ తిరిగేదీ, నీళ్ళ మోటారు తిరిగేదీ ఆ సూత్రం మీదే. కరెంటు పారే తీగను అయస్కాంతం తోస్తుంది. అయితే పాదరసం గిన్నె వంటింట్లో పెట్టుకోలేం కదా. అందుకని తిరిగే భాగానికి కరెంటు అందించడానికి మిక్సీలో రెండు నల్లని బొగ్గు ముక్కలు ఉంటాయి. వాటిని కార్బన్ బ్రష్‌లు అంటారు. స్ప్రింగు వాటిని వెనక నుంచి నొక్కి పెడుతుంది. రాగి పలకలతో చేసిన కమ్యుటేటర్ అనే గుండ్రని భాగం మీద అవి రాసుకుంటూ ఉంటాయి. ఆ కమ్యుటేటర్ సరైన క్షణంలో తీగచుట్టలో కరెంటు దిశ మారుస్తూ, తోపు ఎప్పుడూ ఒకే వైపు పడేలా చూస్తుంది. మిక్సీ కింది సందుల్లోంచి నీలిరంగు నిప్పురవ్వలు కనిపించేది అక్కడే. పప్పు రుబ్బేటప్పుడు మిక్సీ ఆగి ఆగి తిరిగితే చాలాసార్లు ఆ బొగ్గు ముక్కలు అరిగిపోయి ఉంటాయి. ఫారడే గిన్నెలో పాదరసం చేసిన పని ఇక్కడ ఆ రెండు ముక్కలు చేస్తున్నాయి.

ఆ ఆనందం నెల రోజులు కూడా నిలవలేదు. అక్టోబరులో ఆ ప్రయోగం అచ్చయింది. వెంటనే గుసగుసలు మొదలయ్యాయి. విలియం వొలాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త ఆ ఏడాది ఏప్రిల్‌లోనే డేవీతో కలిసి అదే ప్రయోగశాలలో ఇలాంటి ప్రయత్నం చేశాడు. తీగ తన చుట్టూ తానే తిరగాలని ఆయన ఊహ. అది తిరగలేదు. ఫారడే చూపించింది వేరు, తీగ అయస్కాంతం చుట్టూ తిరిగింది. కానీ కమ్మరి కొడుకు, నిన్నటి దాకా బూట్లు మోసినవాడు, పెద్దల మాటలు పక్కనుంచి విని దొంగిలించాడని చెప్పుకోవడం సులువు. అచ్చువేసే ముందు ఫారడే వొలాస్టన్ ఇంటికి వెళ్ళాడు, ఆయన ఊళ్ళో లేడు. వ్యాసంలో ఆయన పేరు రాయలేదు. తర్వాత తానే ఆయనకు ఉత్తరం రాసి, కలిసి మాట్లాడే అవకాశం అడిగాడు. వొలాస్టన్ ప్రశాంతంగానే జవాబిచ్చాడు, వచ్చి ఆ ప్రయోగాన్ని చూసి వెళ్ళాడు కూడా.

మనసు మార్చుకోనివాడు డేవీ. ఫారడేను రాయల్ సొసైటీ సభ్యుడిగా ప్రతిపాదిస్తే, అధ్యక్షుడిగా ఉన్న డేవీ ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకోమన్నాడు. ఫారడే ఒప్పుకోలేదు. 1824 జనవరిలో ఎన్నిక జరిగింది, ఒక్క ఓటు మాత్రం వ్యతిరేకంగా పడింది. రహస్య ఓటు కాబట్టి అది ఎవరిదన్నది మేము ఇక్కడ రాయలేం. తనకు చోటిచ్చిన గురువును మాత్రం ఫారడే జీవితాంతం గౌరవంగానే తలుచుకున్నాడు. అయినా ఆ నింద ఆయన మీద ఒక గుర్తు వదిలిందని మాకు అనిపిస్తుంది. తర్వాతి పదేళ్ళలో ఎక్కువ కాలం ఆయన విద్యుదయస్కాంతం జోలికి పోలేదు. రసాయనాలు చేశాడు, 1825లో బెంజీన్ కనిపెట్టాడు, దూరదర్శినుల కోసం గాజు కరిగించే విసుగు పని ఏళ్ళ తరబడి చేశాడు. డేవీ 1829లో మరణించాడు. రెండేళ్ళకు ఫారడే మళ్ళీ తీగచుట్టల దగ్గరికి వచ్చాడు.

1831 ఆగస్టు 29. మెత్తని ఇనుముతో చేసిన ఒక ఉంగరం, అడ్డంగా ఆరు అంగుళాలు. దాని ఒక వైపు రాగి తీగ మూడు ముక్కలు, ఒక్కొక్కటి సుమారు 24 అడుగులు, చుట్టాడు. రెండో వైపు, కొంచెం ఎడంగా, మొత్తం సుమారు 60 అడుగుల తీగ. తీగ తీగను తాకితే కరెంటు అడ్డదారి పడుతుంది. ఇప్పటిలా పైపూత ఉన్న తీగను దుకాణంలో కొని తెచ్చుకునే రోజులు కావు. అందుకని చుట్టు చుట్టుకూ మధ్య నూలుదారం పెట్టాడు, పొరకూ పొరకూ మధ్య నూలుగుడ్డ వేశాడు. ఏడేళ్ళు పుస్తకాలు కుట్టిన చేతులు అవి. ఆ పని ఒక రోజులో అయ్యేది కాదు, వేళ్ళకు ఓపిక ఉండాలి.

ఒక వైపు తీగకు బ్యాటరీ, రెండో వైపు తీగ కింద దిక్సూచి ముల్లు. బ్యాటరీ కలపగానే ముల్లు ఉలిక్కిపడి, ఊగి, మళ్ళీ మామూలుగా నిలిచిపోయింది. బ్యాటరీ తీసేస్తే మళ్ళీ ఉలికిపాటు, ఈసారి ఎదురు దిక్కుకు. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ ఏమీ లేదు. ఆయనకు ముందు చాలామంది వెతికింది నిలకడైన ఫలితం కోసం, అందుకే ఇది వాళ్ళ కంటపడలేదు. మార్పు జరిగే క్షణంలోనే రెండో చుట్టలో కరెంటు పుడుతుంది. దీన్నే విద్యుదయస్కాంత ప్రేరణ అంటాం.

వీధి చివర రెండు స్తంభాల మధ్య బూడిద రంగు డబ్బా ట్రాన్స్‌ఫార్మర్ చూశారా? దాని లోపల ఉన్నది ఆ ఉంగరమే, పెద్దదయింది. ఒక చుట్ట, ఇంకో చుట్ట, రెంటి మధ్య ఇనుము. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి అక్కడ మార్పు ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. రెండో చుట్టలో తీగ చుట్లు తక్కువైతే వోల్టేజి తగ్గుతుంది, ఎక్కువైతే పెరుగుతుంది. 11,000 వోల్టులు వీధి దాకా వచ్చి, ఇంట్లోకి 230గా దిగేది ఈ చుట్ల లెక్కతోనే. కొండ ప్రాంతంలో మేము పనిచేసిన ఊళ్ళో సాయంత్రమైతే బల్బు నారింజ రంగుకు మసకబారేది. స్టెబిలైజరు టక్కుమని చప్పుడు చేసి ఎక్కువ చుట్లకు మారేది. మా పిల్లలు ఆ టక్కును బట్టి వంటకు వేళయిందని చెప్పేవారు.

అక్టోబరు 17న ఇంకో మెట్టు. కాగితం గొట్టం మీద తీగ చుట్టి (మళ్ళీ కాగితమే!) అందులోకి అయస్కాంతపు కడ్డీని తోశాడు. ముల్లు కదిలింది. బ్యాటరీ అక్కర్లేదు, చేతి కదలిక చాలు. అదే నెల 28న పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్ళెం తిప్పి ఎడతెగకుండా కరెంటు తీశాడు. శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో నీళ్ళు తిప్పే జనరేటర్లకు మూలం అక్కడుంది. పాత కరెంటు మీటరులో ఎర్ర గుర్తుతో మెల్లగా తిరిగే అల్యూమినియం పళ్ళెం గుర్తుందా? దానికి ఏ తీగా తగలదు. చుట్టలు పళ్ళెంలో పుట్టించే కరెంటే దాన్ని తిప్పుతుంది. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె వేడెక్కేదీ అలాంటి కరెంటుతోనే.

అమెరికాలోని ఆల్బనీలో జోసెఫ్ హెన్రీ అనే ఉపాధ్యాయుడు ఇంచుమించు అదే సమయంలో అదే సంగతి కనుక్కున్నాడు, కానీ 1832 దాకా అచ్చువేయలేదు. ఎవరు ముందు అనేది ఎంత పదునైన మాటో ఫారడేకు 1821లోనే తెలిసింది. 1832 మార్చిలో తన కొత్త ఊహలు కొన్ని కాగితం మీద రాసి, సీలు వేసి రాయల్ సొసైటీకి అప్పగించాడు. అయస్కాంత ప్రభావం అలల్లా వ్యాపిస్తుందేమో అన్నది అందులో ఉంది. వందేళ్ళు దాటాక గానీ దాన్ని విప్పలేదు. ఆ ఏడాది నుంచే తన ప్రయోగాల దినచర్యలో ప్రతి పేరాకూ వరుస సంఖ్య వేయడం మొదలుపెట్టాడు. చివరి సంఖ్య 16041.

హెన్రీ పేరూ మన ఇళ్ళలో ఉంది. తీగచుట్టలో కరెంటును హఠాత్తుగా ఆపితే ఆ చుట్టలోనే పెద్ద వోల్టేజి ఎగసిపడుతుంది. ఫారడే 1834లో దీన్ని విడిగా పరిశీలించాడు, హెన్రీ అంతకు ముందే గమనించాడు. పాత ట్యూబులైటుకు బరువైన చోకు ఉండేది. స్టార్టరు టిక్కుమని కరెంటు తెంపగానే చోకు ఇచ్చే ఆ ఎగసిపాటుకే ట్యూబు వెలిగేది. వెలిగాక కరెంటు హద్దు మీరకుండా పట్టి ఉంచేదీ అదే చోకు. చోకు బలం కొలిచే ప్రమాణం హెన్రీ, కండెన్సర్‌కు ఫారడ్. ఇద్దరూ రాజీపడ్డట్టే.

తెలుగు ఉపాధ్యాయులుగా మాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం 1834లోది. ద్రావణంలో కరెంటు పంపి పదార్థాలను విడదీసే పనిలో ఫారడేకు మాటలు చాలలేదు. ఉన్న మాటలు తప్పు అర్థమిస్తున్నాయని ఆయన బాధ. కేంబ్రిడ్జిలో భాషలు తెలిసిన విలియం హ్యూవెల్‌కు ఉత్తరం రాశాడు. గ్రీకు భాషలో హొడోస్ అంటే దారి. పైకి పోయే దారి ఆనోడ్, కిందికి దిగే దారి కాథోడ్. సూర్యుడు ఎక్కే వైపు, దిగే వైపు అన్న ఊహతో ఆ మాటలు వచ్చాయి. పోతూ ఉండేది అయాన్. గ్రీకు, లాటిన్ చదవని బైండరు, ఒక భాషా పండితుణ్ణి అడిగి తెచ్చుకున్న ఆ మాటలు ఇవాళ టార్చిలైటు సెల్లు గురించి చెప్పే ప్రతి పుస్తకంలోనూ ఉన్నాయి. సైన్సు గదికీ భాష గదికీ మధ్య గోడ ఉందనుకునేవారికి మేము ఈ సంగతే చెబుతాం.

మొదట చెప్పిన డబ్బీకి వద్దాం. 1837లో ఫారడే ఒక ఇత్తడి గోళంలో ఇంకో గోళం పెట్టి, మధ్య ఖాళీలో గాలి, గాజు, లక్క, గంధకం ఉంచి చూశాడు. మధ్యనున్న పదార్థాన్ని బట్టి లోపల నిలవ ఉండే విద్యుత్తు మారింది. కండెన్సర్ అంటే అంతే: రెండు లోహపు పొరలు, మధ్యలో కరెంటు పోనివ్వని పొర. మీ ఫ్యానులో ఆ పొర పలచని ప్లాస్టిక్, దాన్ని చాపలా చుట్టి డబ్బీలో పెడతారు. ఫ్యాను మోటారులో రెండు చుట్టలుంటాయి. ఒక్క చుట్టే అయితే అయస్కాంతపు లాగుడు అటూ ఇటూ ఊగుతుంది తప్ప తిరగదు. రెండో చుట్టకు వెళ్ళే కరెంటును కండెన్సర్ కొంచెం ముందు వేళకు జరుపుతుంది. అప్పుడు ఒక లాగుడు తర్వాత ఇంకో లాగుడు పడి, తిరగలి తిప్పే ఇద్దరి చేతుల్లా, చక్రం తిరుగుతుంది. ఎడారి ఊళ్ళో మా కర్ర చేసింది ఆ రెండో చేతి పని.

అంతకు ముందు ఏడాది ఆయన పన్నెండు అడుగుల గది ఒకటి కట్టి, దాని చుట్టూ లోహం అల్లి, బయట నిప్పురవ్వలు చిమ్మేంత విద్యుత్తు ఎక్కించి, తాను లోపల కూర్చున్నాడు. లోపల విద్యుత్తు జాడే లేదు. మైక్రోవేవ్ పొయ్యి తలుపులో చిల్లుల రేకు అందుకే ఉంటుంది.

యాభై ఏళ్ళు రాకముందే ఫారడేకు తల తిరగడం, మరపు మొదలయ్యాయి. 1841లో భార్య సారా ఆయన్ను స్విట్జర్లాండ్ తీసుకెళ్ళి నెలల తరబడి విశ్రాంతి ఇప్పించింది. తన ప్రయోగం తానే మరిచిపోతానేమోనన్న భయంతో బతికిన మనిషికి ఆ నంబర్ల దినచర్య ఎంత ఆసరా అయ్యుంటుందో ఊహించండి. 1845లో, ఒకప్పుడు విసుగుపడుతూ కరిగించిన బరువైన గాజు ముక్కనే తీసుకుని, అయస్కాంతం వెలుగును కూడా మెలిపెడుతుందని చూపించాడు. అయస్కాంతం చుట్టూ బలరేఖలు ఉన్నాయని ఆయన బొమ్మలతో చెప్పాడు. గణితం రాదు కాబట్టి ఒక్క సమీకరణమూ రాయలేదు. ఆ బొమ్మలను లెక్కలుగా మార్చింది జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. ఆ యువకుడికి ఫారడే 1857లో ఉత్తరం రాస్తూ, గణితజ్ఞులు తమ ఫలితాలను మామూలు మాటల్లో కూడా చెప్పకూడదా అని అడిగాడు.

క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం ఉపన్యాసాలు ఇచ్చాడు, 1827 నుంచి 1860 దాకా పందొమ్మిది సార్లు. ఒక కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు చెప్పిన ఘనుడు. సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు కాదన్నాడు, ఒకప్పుడు తనను ఆపాలనుకున్న కుర్చీ అది. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్ట్ దగ్గరి ఇంట్లో, కుర్చీలో కూర్చునే కన్నుమూశాడు. హైగేట్ శ్మశానంలో ఆయన రాతి మీద పేరు, రెండు తేదీలు మాత్రమే ఉన్నాయి.

ఆ ఇనుప ఉంగరం ఇప్పటికీ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉంది. తీగల మధ్య ఆయన చుట్టిన నూలుగుడ్డ రంగు మారి, అంచులు పీచుదేలి, గాజు వెనక నుంచి కనిపిస్తూనే ఉంటుంది.